పళ్ళెంలో చచ్చిన క్యాన్సర్ కణం ఒంట్లో ఎందుకు చావదు?

మొక్కల మందులు, కాలేయ క్యాన్సర్ గురించి వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్ళు. కాలేయంలో 4 సెంటీమీటర్ల గడ్డ ఒకటి ఉందని, అది క్యాన్సరేనని తేల్చారు. పసుపులోని కుర్కుమిన్ కాలేయ క్యాన్సర్ కణాల్ని చంపుతుందని ఫోన్లో రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. పాలల్లో రెండు చెంచాల పసుపు కలిపి ఇస్తున్నాం. ఇది చాలా, ఇంకా పెంచాలా?
— పాఠకురాలు, అనంతపురం

జవాబు: మెసేజ్‌లో ఉన్నది అబద్ధం కాదు. ప్రయోగశాలలో ప్లాస్టిక్ పళ్ళెంలో పెంచిన కాలేయ క్యాన్సర్ కణాల మీద కుర్కుమిన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో సగం కణాలు చస్తాయి. అందుకు సుమారు 10 నుంచి 40 మైక్రోమోలార్ గాఢత కావాలి. మెసేజ్ చెప్పకుండా వదిలేసింది ఈ గాఢత సంగతే. లెక్క వేసి చూడండి.

కుర్కుమిన్ అణుభారం 368. అంటే 20 మైక్రోమోలార్ గాఢతకు లీటరు ద్రవంలో 7.4 మిల్లీగ్రాములు ఉండాలి. వంటింటి పసుపులో కుర్కుమిన్ నూటికి 3 పాళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. చెంచా 3 గ్రాములనుకుంటే రెండు చెంచాల్లో 180 మిల్లీగ్రాములు. ఇంత ఉందిగా అనిపిస్తుంది. కానీ అది నెత్తుట్లోకి చేరితే కదా! పేగు గోడ, ఆ తర్వాత కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి బయటికి పంపించేస్తాయి. తైవాన్‌లో జరిగి 2001లో వెలువడిన పరిశోధనలో రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ మింగినవాళ్ళ రక్తంలో కూడా దాని గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలారే. అంటే లీటరుకు 0.65 మిల్లీగ్రాములు. పైన లెక్క వేసిన 20 మైక్రోమోలార్‌లో పదో వంతు కూడా కాదు. పైగా 8 గ్రాముల కుర్కుమిన్ పసుపు రూపంలో కావాలంటే రోజుకు పావుకిలోకి పైగా పసుపు తినాలి.

ఇంతకంటే సూటైన సాక్ష్యం ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన 12 మందికి ఆపరేషన్‌కు ముందు వారం పాటు రోజుకు 450 నుంచి 3,600 మిల్లీగ్రాముల వరకు కుర్కుమిన్ ఇచ్చారు. ఆపరేషన్‌లో తీసిన కాలేయం ముక్కను పరీక్షించారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం కాలేయం ముక్కలో కుర్కుమిన్ దొరకలేదు, అది మారిపోగా మిగిలిన పదార్థాల జాడలు మాత్రమే కనిపించాయి.

మిరియాలతో కలిపితే ఒంటబడుతుందన్న మాట కూడా మెసేజ్‌ల్లో తిరుగుతోంది. దానికి మూలం 1998లో బెంగళూరు నుంచి వచ్చిన పరిశోధన. 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపరిన్ ఇస్తే రక్తానికి చేరే భాగం 20 రెట్లు పెరిగింది. ఆ 2 గ్రాముల మోతాదుకు అసలు చేరేదే అత్యల్పం కనుక 20 రెట్లయినా పళ్ళెంలో వాడిన గాఢత రాదు. పైగా పిపరిన్ అడ్డుకునే ఎంజైములతోనే కాలేయం ఇతర మందులను కూడా విరిచి పంపేస్తుంది. క్యాన్సర్ మాత్రలు వాడేవారికి ఇది చిన్న విషయం కాదు.

కూరలో, పాలల్లో వేసే చిటికెడు పసుపు మానక్కర్లేదు. చెంచాలు పెంచొద్దు, కుర్కుమిన్ క్యాప్సూళ్ళు కొనొద్దు. నాన్నగారి విషయంలో ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. 4 సెంటీమీటర్ల ఒకే ఒక్క గడ్డ, రక్తనాళాల్లోకి పాకకుండా ఉంటే, పూర్తిగా తీసివేయగల దశలోనే ఉన్నట్టు. 1996 నుంచి కాలేయ మార్పిడికి ప్రమాణంగా వాడుతున్న మిలాన్ కొలతలు 5 సెంటీమీటర్లు మించని ఒకే ఒక్క గడ్డను అనుమతిస్తాయి. కోసి తీయడమా, సూదితో కాల్చడమా, మార్పిడా అన్నది మిగతా కాలేయం ఎంత బాగుందన్న దాన్ని బట్టి తేలుతుంది. డాక్టరుగారిని మూడు సంగతులు అడగండి: కాలేయం పనితీరును చెప్పే చైల్డ్-ప్యూ గ్రేడ్ ఎంత, పేగుల నుంచి కాలేయానికి నెత్తురు తెచ్చే పోర్టల్ సిరలోకి గడ్డ పాకిందా, మార్పిడి చేసే కేంద్రం అభిప్రాయం తీసుకున్నారా. ఈ గడ్డలు కొన్ని నెలల్లోనే రెట్టింపు కావచ్చు. 4 సెంటీమీటర్లది 6 అయ్యాక ఇదే ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది. ఈ వారంలోనే వెళ్ళండి.

ప్రశ్న: "క్యాన్సర్ కణాన్ని చంపుతుంది" అంటున్నారు కదా, లోపల అసలు ఏం జరుగుతుంది? మొక్కలోని పదార్థం ఎక్కడ మీట నొక్కుతుంది?
— బీఎస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: దెబ్బ తిన్న కణం ఉబ్బి పగిలితే లోపలి సరుకంతా చుట్టూ చిమ్మి వాపు వస్తుంది. అది నెక్రోసిస్. కణం తనకు తానే పద్ధతిగా సర్దుకుని పోవడం అపాప్టోసిస్. మైక్రోస్కోపు కింద ఇది స్పష్టంగా తెలుస్తుంది. మొదట పక్క కణాల నుంచి విడివడి గుండ్రంగా ముడుచుకుంటుంది. ఉడుకుతున్న గంజి మీద బుడగల్లా పై పొర మీద బుడిపెలు లేస్తాయి. కేంద్రకంలోని డీఎన్ఏ ముద్దలు కట్టి, 180 నుంచి 200 బేస్ జతల కొలతలో తునకలవుతుంది. చివరికి కణమంతా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది, ఇరుగుపొరుగు కణాలు వాటిని మింగేస్తాయి. వాపు ఉండదు.

దీన్ని గుర్తించింది కాలేయంలోనే. 1960లలో జాన్ కెర్ ఎలుక కాలేయానికి వెళ్ళే పోర్టల్ సిర కొమ్మను ముడివేసి చూస్తే, కొన్ని కణాలు వాపు లేకుండా ముడుచుకుపోతూ కనిపించాయి. 1972లో ఆయన, వైలీ, కరీ కలిసి దీనికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు ఆకులు రాలడమని అర్థం.

ఇందుకు రెండు దారులున్నాయి. బయటి దారిలో కణం పైపొర మీది ఫాస్, ట్రెయిల్ గ్రాహకాలకు సంకేతం తగిలి కాస్పేజ్-8 అనే ఎంజైమ్ మేల్కొంటుంది. లోపలి దారి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాది. బీసీఎల్-2 ప్రోటీన్ కాపలా సడలితే బాక్స్, బాక్ అనే ప్రోటీన్లు మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెడతాయి. అందులోంచి సైటోక్రోమ్-సి బయటికి కారి, ఏపాఫ్-1తో కలిసి కాస్పేజ్-9ని, అది కాస్పేజ్-3ని లేపుతుంది. కాస్పేజ్-3 కత్తెర లాంటిది. డీఎన్ఏకు మరమ్మతు చేసే పార్ప్ ప్రోటీన్‌ను 116 కిలోడాల్టన్ల నుంచి 89కి కోసేస్తుంది. కాలేయ కణాల్లో ఒక ప్రత్యేకత ఉంది. వాటిలో బయటి దారి ఒక్కటే చాలదు. కాస్పేజ్-8 బిడ్ అనే ప్రోటీన్‌ను కోసి దాని ద్వారా మైటోకాండ్రియాను కదిలిస్తేనే పని పూర్తవుతుంది. కాలేయ క్యాన్సర్ మీద మొక్కల పదార్థాల పరిశోధనలన్నీ తిరిగి తిరిగి మైటోకాండ్రియా దగ్గరికే చేరడానికి ఇదొక కారణం.

ఇక మీట సంగతి. కుర్కుమిన్, నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్, వేపాకులోని నింబోలైడ్, వీటి నిర్మాణాల్లో ఒక చురుకైన జంట బంధం ఉంటుంది. అది కొక్కెంలా ప్రోటీన్లలోని సిస్టీన్ గంధకానికి తగులుకుంటుంది. కణాన్ని బతికించే సంకేతాలు నడిపే ఎన్ఎఫ్-కప్పా-బీ లోని పీ50 ప్రోటీన్‌లో 62వ సిస్టీన్‌ను ఆండ్రోగ్రఫోలైడ్ పట్టుకుంటుంది. నింబోలైడ్ ఆర్ఎన్ఎఫ్114 అనే ప్రోటీన్‌లో 8వ సిస్టీన్‌ను పట్టుకుంటుందని 2019లో తేలింది. చిత్రమూలంలోని ప్లంబాజిన్ తీరు వేరు. అది క్వినోన్. ఎలక్ట్రాన్లను తీసుకుని ఆక్సిజన్‌కు అంటగడుతూ చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తూ పోతుంది, కణాన్ని కాచే గ్లూటాథయోన్ అనే గంధకపు పదార్థం నిల్వ అడుగంటుతుంది. క్యాంప్టోథీకా చెట్టు నుంచి వచ్చే కాంప్టోథెసిన్, డీఎన్ఏ ముడులు విప్పే టోపోఐసోమరేజ్-1 ఎంజైమును మధ్యలో బిగించేస్తుంది.

కొక్కెం పదార్థాలతో చిక్కేమిటంటే అవి ఫలానా ప్రోటీన్ అని చూడవు, అందిన గంధకాన్నల్లా పట్టుకుంటాయి. బతికున్న కాలేయంలో గ్లూటాథయోన్ 5 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది, దానిలోనూ అదే గంధకం. మనం పంపే మందు 10 మైక్రోమోలార్, అడ్డుపడేది దానికి 500 నుంచి 1,000 రెట్లు. పళ్ళెంలో పనిచేసినది ఒంట్లో తేలిపోవడానికి ఇదీ ఒక కారణం.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేలవేము ఆకుల మిథనాల్ సారాన్ని హెప్‌జీ2 అనే కాలేయ క్యాన్సర్ కణాల మీద, ఎన్ని బతికాయో రంగుతో చూపే ఎంటీటీ పరీక్షలో చూస్తున్నాను. ఐసీ50 (సగం కణాలను ఆపే గాఢత) మొదటిసారి మిల్లీలీటరుకు 38 మైక్రోగ్రాములు, రెండోసారి 95, మూడోసారి 140 వచ్చింది. ఎక్కువ గాఢతల దగ్గర కణాలు మళ్ళీ బతికినట్టు చూపిస్తోంది. అపాప్టోసిస్‌ను పట్టే అనెక్సిన్ పరీక్షలో మందు వేయని కంట్రోల్‌లోనే చచ్చిన కణాలు ఎక్కువ కనిపిస్తున్నాయి. సాధారణ కాలేయ కణాలుగా చాంగ్ లివర్ వాడుతున్నాను. ఎక్కడ పొరపాటు?
— విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీరు మూడు అంకెలనూ దాచకుండా రాయడం మంచి పని. పొరపాటు ఒక్కచోట లేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్కువ గాఢత దగ్గర తిరిగి బతికినట్టు కనబడటం దాదాపుగా సారం చేసే మాయే. ఎంటీటీ పసుపు రంగు ద్రావణం. బతికున్న కణాల్లోని ఎంజైములు దాన్ని క్షయకరణం చేస్తే ఊదారంగు ఫార్మజాన్ వస్తుంది. ఆకుసారంలోని ఫినాళ్ళు, ఫ్లేవనాయిడ్లు కణం సాయం లేకుండానే అదే పని చేసేస్తాయి. పరీక్షించడం తేలిక. కణాలు లేని వెల్స్‌లో (ప్లేటులోని గుంటల్లో) మీడియం (కణాలను పెంచే ద్రవం), అన్ని గాఢతల్లో సారం, ఎంటీటీ వేసి 3 గంటలు ఉంచండి. ఊదా రంగు వచ్చిందా, మీ అంకెల్లో ఆ మేరకు తప్పు ఉన్నట్టే. విరుగుడు: ఎంటీటీ వేసే ముందు సారం ఉన్న మీడియం తీసేసి, గోరువెచ్చటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో ఒకసారి నెమ్మదిగా కడిగి, కొత్త మీడియం 100 మైక్రోలీటర్లు పోయండి. దానికి మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ఎంటీటీ ద్రావణం 10 మైక్రోలీటర్లు చేర్చి 37 డిగ్రీల్లో 3 గంటలుంచండి. తర్వాత మీడియం తీసి 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ ద్రావణిలో స్ఫటికాలు కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవండి, 630 దగ్గర చదివిన దాన్ని తీసేయండి. కడిగేటప్పుడు హెప్‌జీ2 కణాలు పలకల్లా లేచిపోతాయి కాబట్టి పిపెట్‌ను వెల్ గోడకు ఆనించే పోయాలి. ఈ ఫలితాన్ని సల్ఫోరోడమైన్-బీతో గానీ ట్రిపాన్ బ్లూ లెక్కతో గానీ సరిచూడకుండా ఐసీ50 రాయకండి. ఎంటీటీ చూపేది కణం జీవక్రియ చురుకును. మైటోకాండ్రియా మందగించినా అంకె పడిపోతుంది, కణం మాత్రం బతికే ఉండొచ్చు.

38, 95, 140 తేడాకు మొదటి అనుమానం సారం మీదే. మిథనాల్ పూర్తిగా పోయిందా? 40 డిగ్రీలు దాటకుండా రోటరీ ఎవాపరేటర్‌లో ఆరబెట్టి, ఆ తర్వాత డెసికేటర్‌లో బరువు మారనంతవరకు ఉంచి తూచండి. మిగిలిన మిథనాల్ తనంతట తాను కణాలను దెబ్బతీస్తుంది. మొదటిసారి 38 రావడానికి అదే కారణం కావచ్చు. ఒకే కోత ఆకుతో మూడుసార్లూ చేశారా? నేలవేములో ఆండ్రోగ్రఫోలైడ్ పూత మొదలయ్యే వేళ ఆకుల్లో ఎక్కువ, కాడల్లో తక్కువ. దాని అణుభారం 350 కనుక 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. సారంలో అది నూటికి 10 పాళ్ళుంటే 38 మైక్రోగ్రాముల సారంలో సుమారు 11 మైక్రోమోలార్ ఆండ్రోగ్రఫోలైడ్ ఉంటుంది. నూటికి 3 పాళ్ళే ఉంటే అదే 38లో 3 మైక్రోమోలార్ మాత్రమే. అందుకే ప్రతి బ్యాచ్‌నూ పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో 225 నానోమీటర్ల దగ్గర కొలిచి, ఫలితాన్ని సారంతో పాటు ఆండ్రోగ్రఫోలైడ్ లెక్కలోనూ రాయండి. అప్పుడు మూడు అంకెలూ దగ్గరపడే అవకాశం చాలా ఉంది.

స్టాక్ మిల్లీలీటరు డీఎంఎస్‌ఓకు 100 మిల్లీగ్రాములుగా కలపండి. దాన్ని 1,000 వంతులకు పలచన చేస్తే 100 మైక్రోగ్రాముల గాఢత, 0.1 శాతం డీఎంఎస్‌ఓ. 500 మైక్రోగ్రాములకు వెళితే డీఎంఎస్‌ఓ 0.5 శాతం అవుతుంది, అంతకు మించితే కణాలు దానివల్లే చస్తాయి. అన్ని వెల్స్‌లోనూ, కంట్రోల్‌లోనూ డీఎంఎస్‌ఓ ఒకే శాతంలో ఉండాలి. వడపోతకు సెల్యులోజ్ అసిటేట్ పొర వాడకండి, డీఎంఎస్‌ఓ దాన్ని కరిగిస్తుంది. పీటీఎఫ్ఈ వాడండి. మీడియంలో వేశాక మైక్రోస్కోపులో చూడండి. సూదుల్లాగానో ఇసుక రేణువుల్లాగానో కనిపిస్తే సారం విడిపోయినట్టు, ఆ గాఢతలను లెక్కలోకి తీసుకోవద్దు.

కణాల వైపు చూస్తే, హెప్‌జీ2 గుంపులుగా పెరిగే రకం. విడదీయకుండా లెక్కపెడితే ఒక వెల్‌లో 4 వేలు, పక్కదానిలో 15 వేలు పడతాయి. కణాలను అడుగు నుంచి విడిపించే ట్రిప్సిన్ తర్వాత 1 మిల్లీలీటరు పిపెట్‌తో 15 సార్లు నెమ్మదిగా పీల్చి వదిలి, 40 మైక్రాన్ల జల్లెడలో పోసి, వెల్‌కు 8 నుంచి 10 వేలు వేయండి. 24 గంటలు అతుక్కోనిచ్చి అప్పుడే మందు వేయండి. 96 వెల్స్ ప్లేటు అంచు వరసల్లో నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. వాటిలో పీబీఎస్ నింపి వదిలేసి లోపలి 60 మాత్రమే వాడండి.

అనెక్సిన్‌లో కంట్రోల్ చెడటం ట్రిప్సిన్ తప్పే అయి ఉంటుంది. హెప్‌జీ2 త్వరగా వదలదు కనుక 10, 15 నిమిషాలు ఉంచేస్తారు, పొర చిరిగి చచ్చిన కణాలను చూపే పీఐ రంగు కణం లోపలికి దూరుతుంది. 3, 4 నిమిషాలకే చూసి సీరం ఉన్న మీడియంతో ఆపండి. మీడియంలో తేలే కణాలను పారబోయకుండా కలుపుకోండి, చచ్చినవి ఎక్కువగా అక్కడే ఉంటాయి. ట్రిప్సిన్‌లోని ఈడీటీఏ మిగిలిపోతే కాల్షియం పట్టేసుకుంటుంది, కాల్షియం లేకుండా అనెక్సిన్ అతుక్కోదు. కాబట్టి పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి 2.5 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న బఫర్‌లో వేయండి. చీకట్లో 15 నిమిషాలుంచి గంటలోపు యంత్రంలో చదవండి. ఇదే పరీక్ష కుర్కుమిన్‌తో చేసేవారికి ఒక హెచ్చరిక: కుర్కుమిన్ తానే ఆకుపచ్చగా మెరుస్తుంది, ఎఫ్ఐటీసీ రంగు అనెక్సిన్‌తో కలిసిపోయి లేని అపాప్టోసిస్‌ను చూపిస్తుంది. వేరే రంగు అనెక్సిన్ ఎంచుకోవాలి.

అపాప్టోసిస్ అని రాయడానికి అనెక్సిన్ ఒక్కటే చాలదు. మందుకు గంట ముందు జెడ్-వాడ్-ఎఫ్ఎంకే 20 మైక్రోమోలార్ వేసి కాస్పేజ్‌లను ఆపి చూడండి. చావు తగ్గితే కాస్పేజ్ దారి నిజమే. తగ్గకపోతే అది వేరే రకం చావు, మీ శీర్షిక మార్చాలి. మరోటి: గ్రీన్ టీలోని ఈజీసీజీ వంటి పాలీఫినాళ్ళు మీడియంలో నానుతూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, కణాలను చంపేది అదే కావచ్చు. కేటలేజ్ కలిపి ఒక వరస పెడితే బయటపడుతుంది.

ఇక చాంగ్ లివర్. ఈ విషయంలో మెత్తగా చెప్పలేం. అవి కాలేయ కణాలు కావు. 1951లో గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి పుట్టిన హీలా కణాలే వాటిలో కలిసి వాటి స్థానం ఆక్రమించాయని డీఎన్ఏ పరీక్షల్లో రుజువైంది. ఎల్-02, బెల్-7402, ఎస్ఎంఎంసీ-7721 పేర్లతో తిరిగే "కాలేయ" కణాలూ అంతే. వాటిని సాధారణ కణాలుగా చూపిస్తే ఒక క్యాన్సర్‌ను మరో క్యాన్సర్‌తో పోల్చినట్టే. ఆ గ్రాఫును ప్రాజెక్టు నుంచి తీసేయండి. ప్రైమరీ హెపటోసైట్లు దొరికితే వాడండి, దొరకకపోతే "సాధారణ కణాలకు హాని లేదు" అనే వాక్యం వదిలేయండి. హెప్‌జీ2 కూడా పెద్దల కాలేయ క్యాన్సర్‌కు అచ్చమైన నమూనా కాదు. అది 1970లలో అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ళ అబ్బాయి గడ్డ నుంచి తీసినది, పిల్లల్లో వచ్చే కాలేయ క్యాన్సర్ హెపటోబ్లాస్టోమా అని తర్వాత తేలింది. అందులో, కణం అదుపు తప్పకుండా కాపాడే పీ53 జన్యువు చెడలేదు. పీ53 అసలే లేని హెప్3బీలోనూ, మార్పు చెందిన హెచ్‌యూహెచ్7లోనూ చేసి చూస్తే మీ సారం పీ53 మీద ఆధారపడుతుందో లేదో తెలుస్తుంది. కణాలు ఎక్కడివైనా సరే, కణాలు ఏవో తేల్చే ఎస్టీఆర్ పరీక్ష, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పట్టిందేమో చూసే పరీక్ష రెండూ చేయించండి.

ప్రశ్న: బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందు తీస్తారట కదా. మా ఊళ్ళో ఒకాయన ఆకు పసరు పరగడుపున తాగమంటున్నాడు. మా మేనమామకు కాలేయ క్యాన్సర్, కామెర్లు కూడా ఉన్నాయి. ఇవ్వొచ్చా?
— పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇవ్వొద్దు. ఇప్పటికే ఇస్తుంటే ఈరోజే ఆపండి.

బిళ్ళగన్నేరులో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఉన్న మాట నిజం. కణం విభజన చెందేటప్పుడు లాగే సన్నటి నాళికలను ఇవి కట్టుకోనివ్వవు, కణం మధ్యలో ఇరుక్కుని అపాప్టోసిస్‌తో చస్తుంది. కానీ ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. గ్లాసు పసరులో ఏది ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. అందులో ఈ రెండే కాదు, రక్తపోటును, నరాలను తాకే ఆల్కలాయిడ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. విన్‌క్రిస్టిన్‌ను ఆసుపత్రిలో సిరలోకే ఎక్కిస్తారు, పెద్దలకు ఒక విడతకు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాన్ని విరిచి పంపేది కాలేయమే. అందుకే రక్తంలో కామెర్ల తీవ్రత చూపే డైరెక్ట్ బిలిరుబిన్ డెసిలీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే మోతాదు సగానికి తగ్గిస్తారు. మీ మేనమామకు కామెర్లు ఉన్నాయంటే ఆ దారి ఇప్పటికే మూసుకుపోయినట్టు. చిన్నపిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమాకు విన్‌క్రిస్టిన్‌ను మరికొన్ని మందులతో కలిపి వాడతారు. పెద్దల కాలేయ క్యాన్సర్ కణాలు మాత్రం ఇలాంటి మందులను బయటికి తోడిపోసే పంపులతో నిండి ఉంటాయి.

ప్రశ్న: మొక్క నుంచి వచ్చి, కాలేయ క్యాన్సర్‌కు నిజంగా అనుమతి పొందిన మందు ఏదైనా ఉందా?
— పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఒకటుంది. ఎపిమీడియం అనే మొక్క నుంచి వచ్చిన ఇకారిటిన్. ఆపరేషన్‌కు వీలుకాని కాలేయ క్యాన్సర్‌కు చైనా 2022 జనవరిలో దానికి షరతులతో కూడిన అనుమతి ఇచ్చింది. అది కషాయం కాదు, శుద్ధి చేసి మోతాదు కొలిచిన ఒకే పదార్థం, మెత్తటి క్యాప్సూల్. కణాన్ని నేరుగా చంపడం కంటే ఐఎల్-6, స్టాట్3 సంకేతాలను అణచి రోగనిరోధక వ్యవస్థకు దారివ్వడం దాని పని. రక్తపరీక్షలో కొన్ని సూచికలు కలిసొచ్చిన రోగులకే ఉద్దేశించారు.

మీరుండే చోట, ఇక్కడా, ప్రధానంగా వాడేవి వేరు. 2007లో సొరాఫెనిబ్ వచ్చినప్పుడు మధ్యస్థ ఆయుర్దాయం 7.9 నెలల నుంచి 10.7కు పెరిగింది. 2020లో వచ్చిన అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీతో అది 19.2 నెలలకు చేరింది, అదే పరీక్షలో సొరాఫెనిబ్ వాడినవారికి 13.4. ఏ మొక్క పదార్థాన్నయినా కొలవాల్సింది ఈ అంకెలతోనే.

ప్రశ్న: నాకు హెపటైటిస్-బి ఉంది. నేల ఉసిరి తాగితే వైరస్ పోయి క్యాన్సర్ రాదంటున్నారు.
— పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆ నమ్మకానికి ఆధారం 1988లో మద్రాసు నుంచి వచ్చిన పరిశోధన. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు అయిన హెచ్‌బీఎస్ఏజీ కనబడకుండా పోయిందని అందులో రాశారు. తర్వాత ఇతరులు అదే పద్ధతిలో చేస్తే ఆ ఫలితం రాలేదు. దాని మీద ఆధారపడకండి. మీరు చేయించుకోవాల్సినవి హెచ్‌బీవీ డీఎన్ఏ (వైరస్ ఎంత ఉందో), ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటోందా), ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో). అవసరమైతే టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రాస్తారు, అవి డాక్టరు చెప్పకుండా ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నా, డాక్టరు మీకు ముప్పు ఎక్కువని చెప్పినా, 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఆల్ఫా ఫీటోప్రోటీన్ రక్తపరీక్ష తప్పనిసరి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి లేనివారికి టీకా వేయించండి. ఈ టీకాను మన దేశంలో తొలిసారి తయారుచేసి 1997లో విడుదల చేసింది హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్సే. ఇవాళ ప్రభుత్వాసుపత్రుల్లో పుట్టిన 24 గంటల్లోపు పిల్లలకు ఉచితంగా వేస్తున్నారు. బూజు పట్టిన వేరుశనగ గింజలు ఏరి పారేయండి. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ పీ53 జన్యువులో 249వ చోట దెబ్బకొడుతుంది, హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు.

ప్రశ్న: అమ్మ సొరాఫెనిబ్ మాత్రలు వాడుతోంది. దానితో పాటు తిప్పతీగ రసం, గ్రీన్ టీ మాత్రలు, మాను పసుపు చూర్ణం ఇస్తున్నాం. డాక్టరుగారికి చెప్పలేదు, కోప్పడతారేమోనని. చెప్పాలా?
— పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చెప్పాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఫోన్ చేసి చెప్పండి. ఈలోగా మూడూ ఆపండి, సొరాఫెనిబ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మాను పసుపులోని బెర్బెరిన్ సీవైపీ3ఏ4 అనే ఎంజైమును అడ్డుకుంటుంది. సొరాఫెనిబ్‌ను విరిచే దారుల్లో అదొకటి. మందు ఒంట్లో పేరుకుంటే అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పగలడం, విరేచనాలు, రక్తపోటు పెరుగుతాయి, అవి తట్టుకోలేక డాక్టరు అసలు మందునే తగ్గించాల్సి వస్తుంది. గ్రీన్ టీ కప్పులో తాగితే భయం లేదు. మాత్రల్లో ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు చేరితే కాలేయ ఎంజైములు పెరుగుతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశ కాలేయ నిపుణులు 2022లో ప్రచురించారు, వారిలో చాలామందికి రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద తిరగబడ్డ లక్షణాలు కనిపించాయి. పసుపు మాత్రలకూ ఇది వర్తిస్తుంది. అమెరికాలో నమోదైన 10 కేసుల్లో ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఆరోగ్యమైన కాలేయం కోలుకోగలదు. సిర్రోసిస్ మీద క్యాన్సర్ ఉన్న కాలేయానికి ఆ మిగులు ఉండదు.

డాక్టరు దగ్గరికి మూడు సీసాలూ పట్టుకెళ్ళండి. ప్రతి దానికీ మొదలుపెట్టిన తేదీ, రోజుకు ఎన్ని చెంచాలు, ఎన్ని మాత్రలు అన్నది కాగితం మీద రాయండి. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్, ఐఎన్ఆర్ రక్తపరీక్షలు చేయించమని అడగండి, పాత రిపోర్టులతో పోల్చి చూడమనండి. సొరాఫెనిబ్ వల్ల కూడా ఇవి పెరగొచ్చు కాబట్టి ఏ తేదీకి ఏది మొదలైందన్నది తెలిస్తేనే కారణం తేలుతుంది. ముందు ముందు ఆపరేషన్ గానీ కీమో ఎంబొలైజేషన్ (గడ్డకు వెళ్ళే రక్తనాళంలోకి మందు ఎక్కించి దాన్ని మూసేయడం) గానీ ఉంటే మూలికల చూర్ణాలేవీ కనీసం 2 వారాల ముందు నుంచి ఉండకూడదు, కొన్నిటివల్ల నెత్తురు గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. మూత్రం ముదురు పసుపు కావడం, ఒళ్ళంతా దురద, తిండి సయించకపోవడం, పొద్దున్నే అయోమయంగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు తీసుకెళ్ళండి. అయోమయం కనిపిస్తే మాత్రం రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు.